సకినాలు మెత్తబడొద్దంటే నానో కవర్ కొనాల్నా?

ప్రశ్న: అన్నా నమస్తే, మాది దేవరకొండ. ఇంట్లనే సకినాలు, మురుకులు, పల్లిపట్టీలు చేసి షాపులకు ఏస్తున్న. ప్లాస్టిక్ వద్దని మొక్కజొన్నతోటి చేసిన కంపోస్టబుల్ (కుళ్లి ఎరువయ్యే) కవర్లకు మారిన, గాని వారం తిరగకముందే సకినాలు మెత్తగైతున్నయ్, షాపోళ్లు వాపస్ పంపుతున్నరు. ఇప్పుడు కవర్లమ్మేటాయన నానో కలిపిన కొత్త రకం వచ్చింది, లోపలికి చెమ్మ అసలే పోదు అంటుండు, రేటు మాత్రం ఎక్కువ. నిజమేనా? తినేటి వాటికి మంచిదేనా?

జవాబు: చెల్లె, మీ సకినాలు మెత్తబడుడు ఎక్కువ ఆ కవర్ పనే. మొక్కజొన్న కవర్ అని అమ్మేది మామూలుగ పీఎల్ఏ, అంటే గింజల పిండిని చక్కెర చేసి, పులియబెట్టి, పెరుగుల ఉండే లాక్టిక్ ఆసిడ్ తీసి దాంతోని చేసిన ప్లాస్టిక్. ఒట్టి పీఎల్ఏ పెళుసు, మడిస్తే పలుగుతది, అందుకని పీబీఏటీ అనే మెత్తటి ప్లాస్టిక్, కొన్నిట్ల పిండి కూడ కలుపుతరు. వీటన్నిటికి ఒకటే బలహీనత, నీటి ఆవిరిని సరిగ్గ ఆపలేవు. పాలిథిన్‌ను, పీపీని (పాలీప్రొపిలీన్ అనే మామూలు ప్లాస్టిక్) మనం ఎంత తిట్టినా ఆవిరిని ఆపుడుల అవి చానా గట్టియి, అందుకే వానకాలంల మీకు తేడా వెంటనే తెలిసొచ్చింది.

ఇగ నానో అంటే చానా చిన్న కణాలు, నానోమీటర్ అంటే మీటర్ల వందకోట్లల్ల ఒక వంతు. కవర్లల్ల ఎక్కువ కలిపేది మట్టే, బెంటోనైట్ అంటరు, మన దేశంల గుజరాత్ కచ్ఛ్ దిక్కు, రాజస్థాన్ బాడ్మేర్ దిక్కు తవ్వుతరు. అందుల ఉండే మాంట్‌మొరిల్లోనైట్ రేకులు ఒక్కోటి 1 నానోమీటర్ మందం, వెడల్పు మాత్రం వందల నానోమీటర్లు. వాటిని కవర్ల తాండూరు బండలు పొరలు పొరలుగ అడ్డం పరిచినట్టు పరిస్తే ఆవిరి తిన్నగ రాలేక పక్కల నుంచి సుట్టు తిరిగి రావాలె, దారి పొడుగైతది, లోపలికి చేరుడు లేటైతది. 1980ల్ల జపాన్‌ల టయోటా పరిశోధకులు నైలాన్‌ల ఇట్లనే మట్టి కలిపి చూపించినంక ఈ పని ఊపందుకుంది. నూటికి 1 నుంచి 5 పాళ్లు కలిపితే సాలు, కవర్ గట్టిపడతది, ఆవిరి, ఆక్సిజన్ రెండూ తగ్గుతయ్. ఆక్సిజన్ తగ్గుడు మీకు లాభమే, నూనె వాసన పట్టేది దాంతోనే కద.

అయితే "అసలే పోదు" అన్న మాట మాత్రం నమ్మకుండ్రి. తగ్గుతది, ఆగదు.

అది కూడ రేకులు విడివిడిగ పరుచుకుంటేనే. మట్టికి నీళ్లంటే ఇష్టం, ప్లాస్టిక్‌తోని కలవదు, అందుకే ముందుగాల దానికి అమోనియం జాతి రసాయనం పట్టిస్తరు. సరిగ్గ కలపకున్నా, ఎక్కువేసినా ఉండలు కడతది, ఉండ ఉన్నకాడ కవర్ పలుగుతది, అప్పుడు నానో లేని కవరే నయం. కంటికి ఈ తేడా కనపడదు, అందుకని మీరే పరీక్ష పెట్టుకోండ్రి. పాత కవర్, కొత్త కవర్, మామూలు పీపీ కవర్ ఒకే సైజువి తీసుకొని ఒక్కోదాంట్ల ఒకే తూకం, చెమ్మ పీల్చే కొత్త సిలికా జెల్ సంచులు వేసి సీల్ చేసి వంటింట్ల ఒక్కకాడనే పెట్టండ్రి. గ్రాముల పదోవంతు చూపించే చిన్న డిజిటల్ కాంటా మీద రోజూ తూకం రాసుకోండ్రి, ఏది ఎక్కువ బరువెక్కుతదో దాంట్లకే చెమ్మ ఎక్కువ పోతున్నట్టు. దానికంటె ముందు సీల్ చూడండ్రి, కవర్ల గాలి ఉంచి సీల్ చేసి బకెట్ నీళ్లల్ల ముంచి ఒత్తితే బుడగలొస్తున్నయంటే తప్పు సీలింగ్‌ది. పీబీఏటీ కలిసిన కవర్‌కు పాలిథిన్‌కు పెట్టే వేడి కుదరకపోవచ్చు, మిషన్ వేడి మార్చి చూడాలె. సీల్ కారుతుంటే లోపల ఎంత నానో ఉన్నా దండగ.

తిండికి మంచిదేనా అన్నరు. మట్టి రేకులు ప్లాస్టిక్ లోపలే ఇరుక్కొని ఉంటయ్, అయినా అమ్మేటాయనను రెండు కాయితాలు అడగండ్రి. ఒకటి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చే కంపోస్టబుల్ సర్టిఫికెట్, రెండోది మైగ్రేషన్ టెస్ట్ రిపోర్ట్, అంటే కవర్ నుంచి తిండిలకు ఎంత దిగుతదో చూసిన పరీక్ష కాయితం. తిండి భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018 ప్యాకేజింగ్ నిబంధనల ప్రకారం ప్లాస్టిక్ నుంచి తిండిలకు దిగేది మొత్తం కలిపి కిలోకు 60 మిల్లీగ్రాములు దాటొద్దు. ఆ రిపోర్ట్ నానో కలిపిన కవర్‌దే అయి ఉండాలె, పాతదాని మీద తీసింది చూపిస్తే ఒప్పుకోకుండ్రి. వెండి, జింక్ ఆక్సైడ్ నానో కలిపినయి కూడ ఉంటయ్, అవి బ్యాక్టీరియాను ఆపేటందుకు. మీవి నూనెల కాల్చిన ఎండు పిండివంటలు, మీకు వాటితోని పనిలేదు, తినే వస్తువు పక్కన వెండి కణాలు ఊకెనే పెట్టుకునుడు నాకు నచ్చదు.

ఇంకొకటి, కంపోస్టబుల్ అంటే పెరట్ల పారేస్తే కరిగిపోతదని కాదు. కంపోస్టబుల్ ప్లాస్టిక్‌కు పెట్టిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 17088 పరీక్ష సుమారు 58 డిగ్రీల వేడి ఉండే కంపోస్టుల చేస్తరు, అక్కడ 180 రోజులల్ల 90 శాతం కరగాలె. మామూలు మట్టిల పీఎల్ఏ చానా రోజులు అట్లనే ఉంటది. ఈ ముక్క షాపోళ్లకు కూడ చెప్పండ్రి, రోడ్డు మీద ఏస్తే అది కూడ చెత్తే.

ప్రశ్న: సార్, నేను పాలమూరుల డిగ్రీ చదువుతున్న. మిర్యాలగూడ మిల్లుల ఊక బూడిదతోని ఈ నానో పొడి చెయ్యొచ్చంట కద?

జవాబు: చెయ్యొచ్చు తమ్మీ, మంచి ఆలోచన. ఊక కాలిస్తే వచ్చే బూడిదల చానా మటుకు సిలికానే, ఇసుకల ఉండే పదార్థం. కాస్టిక్ సోడాల ఉడకబెట్టి సోడియం సిలికేట్ తీసి ఆసిడ్ పోస్తే నానో సిలికా దిగుతది. కాకపోతే మిల్లు బాయిలర్ బూడిద చానా వేడి మీద కాలి ఉంటది, దాంట్ల సిలికా స్ఫటికమైపోతే సోడాల సరిగ్గ కరగదు, పైంగ ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చెడ్డది, మాస్క్ లేకుండ ముట్టకు. ఇంకొకటి గుర్తుంచుకో, సిలికా కణాలు గుండ్రంగ ఉంటయ్, మట్టి లెక్క రేకులు కావు, కాబట్టి కవర్‌కు బలం ఇస్తయ్ గాని చెమ్మను అంతగ ఆపవు. మన దిక్కు పత్తికట్టె ఊకెనే తగలబెడుతున్నరు, దాంట్ల సెల్యులోజ్ (మొక్కల నార పదార్థం) నుంచి నానో కణాలు తీస్తే పీఎల్ఏ గట్టిపడతది, గాని దానికి గాఢమైన సల్ఫ్యూరిక్ ఆసిడ్ కావాలె, లెక్చరర్ పక్కన లేకుండ చెయ్యకు.

ప్రశ్న: బత్తాయిలు ఈ నానో కవర్లల్ల పెడితే ఎక్కువ రోజులు ఆగుతయా? మాది నల్లగొండ దగ్గర తోట.

జవాబు: వద్దు అన్నా. కాయ కోసినంక కూడ ఊపిరి తీసుకుంటది, నీళ్లు ఇడుస్తది. గట్టిగ సీల్ చేసిన కవర్ల లోపల చెమట పట్టి బూజు తగులుతది. రంధ్రాలున్న సంచులు, గాలాడే క్రేట్లు, నీడ పట్టున కోత, తొడిమె కాడ గాయం కాకుండ చూసుకునుడు, వీటి మీద పెట్టే పైసకే ఫలితం ఎక్కువ.