యూరప్ వలసల మీద చదివితే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: విజయనగరంలో ఎంఏ ఎకనామిక్స్ రెండో ఏడాది చదువుతున్నాను. యూరోపియన్ యూనియన్‌లో వలసలు, సంక్షేమ పథకాల మీద ప్రాజెక్టు చేసి, తర్వాత అక్కడే మాస్టర్స్ చేయాలనుంది. ‘ఆ చదువుకి ఉద్యోగం ఎవరిస్తారు, గ్రూప్స్‌కి ప్రిపేర్ అవ్వు’ అంటున్నారు నాన్న. ఏం చేయమంటారు?

జవాబు: ప్రాజెక్టు తప్పకుండా చెయ్యమ్మా. కాకపోతే ‘వలసలు మంచివా, చెడ్డవా’ అని మొదలుపెట్టకు. ఒక్క నిబంధన పట్టుకో.

ఆస్ట్రియానే తీసుకో. ముసలివాళ్లను ఇంట్లో ఉండి చూసుకునే పనికి స్లొవేకియా, రొమేనియాల నుంచి ఆడవాళ్లు అక్కడికి వెళ్తుంటారు. పిల్లలు సొంతూళ్లోనే ఉంటారు. అయినా ఆస్ట్రియా ఇచ్చే పిల్లల భత్యం వాళ్లకూ వస్తుంది. 2019లో, పిల్లలుండే దేశంలో ధరలు తక్కువ కదా అని ఆ భత్యాన్ని తగ్గించారు. తల్లి కట్టే పన్ను మాత్రం తగ్గలేదు! ఆ కోత చెల్లదని 2022లో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం తేల్చింది. దీని పక్కనే 2014 నాటి డానో కేసు పెట్టుకుని చదువు. జర్మనీలో పనిచేయకుండా, పని వెతక్కుండా ఉన్న రొమేనియా మహిళకు జీవన భృతి ఇవ్వక్కర్లేదని చెప్పింది కూడా ఇదే కోర్టు. ఈ రెండు తీర్పులకూ మధ్య గీత ఎక్కడ పడింది? నీ ప్రాజెక్టంతా అక్కడే ఉంది.

నాన్నగారి టెన్షన్ నాకు అర్థమవుతుంది. ఆయనకు మన రేషన్ షాపు సంగతి చెప్పు. రేషన్ పోర్టబిలిటీ 2019 ఆగస్టులో మొదలైంది, ఆంధ్ర–తెలంగాణ మధ్య, గుజరాత్–మహారాష్ట్ర మధ్య. మీ ఊరి నుంచి హైదరాబాద్‌కి తాపీ పనికి వెళ్లినాయన అక్కడి ఈ-పాస్ మిషన్ మీద వేలు పెడితే కేంద్రం కోటా బియ్యం వస్తాయి. సొంత రాష్ట్రం అదనంగా ఇచ్చేవి మాత్రం వెంట రావు. పన్ను ఒకచోట, కుటుంబం ఇంకోచోట ఉన్న మనిషికి ఎవరు పెట్టాలి? ఆస్ట్రియాలో నలిగిందీ ఇదే.

ఇలాంటి లెక్కలు వేయగలిగినవాళ్లకు ఇక్కడా పని ఉంది. కేరళ వలసల సర్వేను 1998లో మొదలుపెట్టింది తిరువనంతపురంలోని పరిశోధన సంస్థ సీడీఎస్ (సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్). జనాభా అధ్యయనాలకు ముంబైలో ఐఐపీఎస్ (ఇంటర్నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ పాపులేషన్ సైన్సెస్) ఉంది. గణాంకాల లెక్కలకు వాడే సాఫ్ట్‌వేర్ ఆర్ (R) గానీ, స్టాటా (Stata) గానీ ఇప్పుడే నేర్చుకో.

యూరప్‌కి వెళ్తే స్కాలర్‌షిప్‌తోనే వెళ్లు. యూరోపియన్ యూనియన్ మాస్టర్స్‌కి ఇచ్చే ఎరాస్మస్ ముండస్ స్కాలర్‌షిప్ వస్తే నెలకు 1,400 యూరోలు, గరిష్ఠంగా 24 నెలలు ఇస్తారు. రాకపోతే ఈ సబ్జెక్టు కోసం ఇల్లు తాకట్టు పెట్టించొద్దు, ఇక్కడే చదువు. గ్రూప్స్ ప్రిపరేషన్ కూడా వదిలేయనక్కర్లేదు. ముందు ఆస్ట్రియా తీర్పు పూర్తిగా చదివి, ఒకటో తారీఖు తర్వాత మీ వీధి రేషన్ షాపు దగ్గర ఒక పూట కూర్చో.