పట్టా మాదే, మరి రాళ్ళెందుకు తీయకూడదు?

ప్రశ్న: మా తాతల నాటి మూడెకరాల చేనులో ఒక మూల పెద్ద బండరాళ్ళు గుండ్రంగా పాతి ఉన్నాయి. ఊళ్ళో రాకాసి గుళ్ళు అంటాం. అక్కడ కేంద్ర పురావస్తు శాఖ బోర్డు ఉంది. జేసీబీతో వాటిని తీయించి, బోరు వేసి మామిడి తోట పెడదామంటే జైలుకు పోతావని భయపెడుతున్నారు. పాస్‌బుక్ మా పేరునే ఉంది. మా భూమి మీద మాకు హక్కు లేదా?

జవాబు: ఉంది. బోర్డు పెట్టినంత మాత్రాన భూమి సర్కారుది అయిపోదు. కానీ జేసీబీని మాత్రం ఆ రాళ్ళ దరిదాపులకు రానివ్వకండి. 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం సెక్షన్ 30 ప్రకారం రక్షిత కట్టడాన్ని తొలగించినా, పాడుచేసినా రెండేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. సొంతదారు కదా అని వదలరు. అవి వట్టి రాళ్ళూ కావు, వేల ఏళ్ళ నాటి సమాధులు.

ఇక సేద్యం. మీకు పనికొచ్చే మాట సెక్షన్ 19లో ఉంది: రక్షిత ప్రాంతంలో భవనాలు కట్టడం, తవ్వడం అనుమతి లేకుండా కుదరదు గానీ, ఒక అడుగు లోతు దాటని సాగుకు అడ్డు లేదు. కల్టివేటర్‌తో పైపైన దున్ని కందులో జొన్నలో వేసుకోండి, టెన్షన్ అక్కర్లేదు. మామిడికి మూడడుగుల గుంత తీస్తారు కదా, అది కుదరదు. బోరూ అంతే. కంచె రాళ్ళు నాటే గుంతలు కూడా అడుగు దాటతాయి, ఇది చాలామందికి తట్టదు.

రక్షిత ప్రాంతం హద్దు నుంచి 100 మీటర్లు నిషేధిత ప్రాంతం, ఆపైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. కొలత రాళ్ళ దగ్గర నుంచి కాదు, హద్దు నుంచి మొదలవుతుంది. నిషేధిత ప్రాంతంలో కొత్తగా ఇల్లు కట్టలేరు, నియంత్రిత ప్రాంతంలో అయితే ముందే అనుమతి తీసుకోవాలి.

కాబట్టి ముందు గెజెట్ నోటిఫికేషన్ నకలు తెచ్చుకుని, మీ సర్వే నంబరులో ఎంత మేర రక్షిత ప్రాంతమో చూడండి. మూడెకరాలూ అందులో ఉండకపోవచ్చు. ఇంకా తొలి నోటిఫికేషన్ దశలోనే ఉంటే, అది వెలువడిన రెండు నెలల్లోగా అభ్యంతరం రాసివ్వొచ్చు. పురావస్తు శాఖవాళ్ళు తవ్వకాలు జరిపి పంట నష్టపోతే సెక్షన్ 27 కింద పరిహారం అడగండి. మొహమాటపడి ఊరుకోవద్దు.