ఇల్లు కొనే ముందు మే నెలలో ఒకసారి వెళ్లి రా

మహబూబ్‌నగర్

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

దుబాయిలో ఫ్లాటు కొని ఏటా సెలవులకు వెళ్లి ఉండాలనుకుంటున్నావని మీ నాన్న చెప్పాడు. ఫ్లాట్లు అమ్మేవాళ్ల రంగుల పుస్తకం నువ్వు పంపితే చూశాను. ఈతకొలను బాగుంది. దాన్ని శుభ్రం చేయించడానికి ఏటా డబ్బు కట్టేది ఎవరో మాత్రం అందులో ఎక్కడా లేదు.

వాళ్లు నిన్ను జనవరిలో తిప్పి చూపించారు. జనవరిలో అక్కడ మన సంక్రాంతి పొద్దులా హాయిగా ఉంటుంది. కానీ మీ పిల్లల బడికి సెలవులు ఏప్రిల్ చివర మొదలై జూన్ దాకా కదా! అప్పటికి అక్కడ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. పాలమూరు ఎండలు చూసినవాళ్లం, మాకేమిటి అనుకోకు. అది సముద్రపు ఉక్క. ఏసీ గదిలోంచి బయట అడుగు పెట్టగానే కళ్లజోడు మసకబారుతుంది. అందుకే మే నెలలో వెళ్లి అదే భవనంలో వారం రోజులు అద్దెకు ఉండి చూడు.

అక్కడ భవనాల పనుల్లో పద్దెనిమిదేళ్లు ఫోర్‌మన్‌గా ఉన్నవాణ్ని. ఒకసారి వేసవంతా తాళం వేసి ఉన్న ఫ్లాటుకు మరమ్మతుకు పిలిచారు. ఖర్చెందుకని ఏసీ ఆపేసి వెళ్లారట. తలుపు తీస్తే ముక్కు మూసుకోవలసి వచ్చింది. స్నానాల గదిలో గొట్టం వంపులోని నీళ్లు ఎండిపోయి మురుగు వాసన లోపలికి ఎక్కింది. అల్మారాలో తోలు బూట్లకు ఆకుపచ్చ బూజు. ఆ ఇంట్లో వాళ్ల సెలవుల్లో సగం సున్నాలకే పోయింది.

కాబట్టి ధర తర్వాత అడుగు, ముందు ఏడాది ఖర్చు అడుగు. చదరపు అడుగుకు ఇన్ని దిర్హాములని సర్వీస్ చార్జీ ఉంటుంది. కొన్ని భవనాలకు ఏసీ కోసం చల్లటి నీళ్లు ఒక ప్లాంటు నుంచి గొట్టాల్లో వస్తాయి. అలాంటి చోట ఇల్లు మూసి ఉన్నా స్థిర చార్జీ పడవచ్చు. రిజిస్ట్రేషన్‌కు భూమి శాఖ ఫీజు 4 శాతం.

డబ్బు బ్యాంకు ద్వారానే పంపు. ఒక మనిషి ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్ల వరకు పంపవచ్చు. 10 లక్షల రూపాయలు దాటిన మొత్తంపై 20 శాతం టీసీఎస్, అంటే బ్యాంకు ముందుగానే వసూలు చేసే పన్ను, పట్టుకుంటారు. అది ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటు అవుతుంది కానీ అప్పటిదాకా నీ జిన్నింగ్ మిల్లు పెట్టుబడి ఇరుక్కుంటుంది. పత్తి సీజనులో మాత్రం పంపకు. రిటర్నులో ఆ ఇంటిని విదేశీ ఆస్తిగా చూపించడం మరిచిపోవద్దు.

ఇంకా కట్టని భవనమైతే చాలా ఆలోచించు. 2008లో నేనూ ఒక చిన్న ఫ్లాటుకు బయానా కట్టాను. ఆ ఏడాది చివర్లోనే ధరలు కూలి క్రేన్లు ఆగిపోయాయి. రోజూ పునాదులు తవ్వించే నేను, నా సొంత ఇంటి పునాది గుంట చూడటానికి ఒక్క శుక్రవారమైనా వెళ్లలేదు. మీ పెద్దమ్మ ఇప్పటికీ దెప్పుతుంది. ఇప్పుడు కొనుగోలుదారుల డబ్బు ఎస్క్రో ఖాతాలో, అంటే ఆ భవనం పనికే వాడాల్సిన ప్రత్యేక బ్యాంకు ఖాతాలో, వేయాలన్న చట్టం ఉంది. నిజానికి అది 2007లోనే వచ్చింది, నేనే అడగలేదు. నువ్వు ఖాతా నంబరు అడిగి, చెక్కు దాని పేరు మీదే రాయి.

టికెట్టు తీసుకునే ముందు ఫోను చెయ్యి. నాతో పనిచేసిన కొల్లాపూర్ ఎలక్ట్రీషియన్ ఒకడు ఇంకా అక్కడే ఉన్నాడు. ఇల్లు చూసేటప్పుడు అతన్ని వెంట తీసుకెళ్లు, ఏసీ మూత విప్పించి చూపిస్తాడు.

మీ పెదనాన్న