రాత్రంతా లారీల మోత.. బీపీకీ దానికీ సంబంధం ఉందా?

ప్రశ్న: మాది సింగరాయకొండ దగ్గర ఊరు. ఇల్లు 16వ నంబరు జాతీయ రహదారికి పడమటి పక్కన, సర్వీసు రోడ్డును ఆనుకునే ఉంటుంది. రాత్రి పడుకున్నాక హారన్లు, ఖాళీ టిప్పర్ల దడదడ. మావారికి 47 ఏళ్లు. బీపీకి మాత్రలు వాడుతున్నా అదుపులోకి రావట్లేదు. 72 ఏళ్ల మా అత్తయ్య అర్ధరాత్రి లేచి కూర్చుంటారు. ఎవరో చెప్పారని ఆవిడకు నిద్రమాత్ర వేస్తున్నాం. వీధిలో అందరిదీ ఇదే బాధ. ఎవరికి చెప్పినా ‘అలవాటైపోతుందిలే’ అంటున్నారు. నిజంగా అలవాటవుతుందా? - ఒక పాఠకురాలు, ప్రకాశం జిల్లా

జవాబు: అలవాటవుతుందన్న మాట సగమే నిజమమ్మా. కొన్నాళ్లకు మెలకువ రావడం తగ్గొచ్చు. కానీ మనిషి నిద్రలో ఉన్నా చెవి పనిచేస్తూనే ఉంటుంది. హారన్ మోగిన ప్రతిసారీ గుండె వేగం, రక్తపోటు కాసేపు పెరుగుతాయి, ఒత్తిడి హార్మోన్లు విడుదలవుతాయి. పొద్దున లేచాక ఆ మనిషికి ఇవేవీ గుర్తుండవు. రాత్రిపూట సహజంగా తగ్గాల్సిన బీపీ ఇలా ఏళ్ల తరబడి తగ్గకపోతే గుండెకు చేటు. రోడ్ల మోత మధ్య బతికేవాళ్లలో గుండెజబ్బులు ఎక్కువని పరిశోధనలు చెబుతున్నాయి. మీది సున్నితత్వం కాదు, ఆరోగ్య సమస్యే.

అలాగని మీవారి బీపీ మొత్తాన్ని లారీల మీదికి నెట్టేయకండి. ఆయన గట్టిగా గురక పెడతారా? గురక మధ్యలో ఊపిరి ఆగినట్టవుతుందా? పగలు కూర్చున్నచోటే కునుకు తీస్తారా? అయితే నిద్రలో శ్వాస ఆగే జబ్బుందేమో పరీక్ష చేయించాలి. మాత్రలకు లొంగని బీపీకి అదొక ముఖ్య కారణం. ఉప్పు, ఊరగాయలు, మద్యం సంగతీ చూసుకోండి. ఇంట్లోనే వారం రోజులు బీపీ కొలవండి. అయిదు నిమిషాలు వీపు ఆనించి ఊరకే కూర్చున్నాక, పొద్దున మాత్రకు ముందు రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు చూసి కాగితం మీద రాయండి. సగటు 135/85 గానీ అంతకు మించి గానీ ఉంటే ఆ కాగితంతో డాక్టరును కలవండి. మీ అంతట మీరు మాత్ర పెంచొద్దు. ఛాతీలో నొప్పి, ఆయాసం, ఒకపక్క చెయ్యి కాలు పట్టు తప్పడం ఉంటే మాత్రం ఆలోచించకుండా 108కి ఫోన్ చేయండి.

మీ అత్తయ్యకు వేస్తున్న నిద్రమాత్ర గురించే నాకు ఎక్కువ దిగులుగా ఉంది. ఈ వయసులో ఆ మాత్రలతో మగత, తికమక, రాత్రి బాత్రూమ్‌కు లేచినప్పుడు పడిపోవడం మామూలే. తుంటి ఎముక విరిగితే కోలుకోవడం చాలా కష్టం. చాలా రోజులుగా వాడుతుంటే ఒక్కసారిగా ఆపడమూ ప్రమాదమే. ఈ వారంలోనే డాక్టరుకు చూపించి మెల్లగా తగ్గించండి.

ఇక ఇల్లు. పడమటి పక్క అన్నారు కాబట్టి సముద్రపు గాలి కోసం తూర్పు కిటికీలు తీసి ఉంచుతారనుకుంటాను. రోడ్డూ అటే. గాలితో పాటు మోతా అటునుంచే వస్తుంది. పైగా ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రుళ్లు నేల చల్లబడి, పైకి పోవాల్సిన శబ్దం కిందికి వంగుతుంది. పగటికన్నా రాత్రి లారీలు మరీ దగ్గరగా వినిపించడానికి అదొక కారణం. అందుకని మంచాలు పడమటి గదిలోకి మార్చండి. రాత్రి తూర్పు కిటికీలు, మధ్య తలుపు మూసి, సందుల్లో రబ్బరు పట్టీ వేయించి, పడమటి కిటికీలు తెరవండి. ఫ్యాన్ తిరిగే ఒకే తీరు చప్పుడు మంచిదే. హఠాత్తుగా మోగే హారన్ మరీ కొట్టొచ్చినట్టు వినిపించకుండా చేస్తుంది. మీవారు ఫోమ్ ఇయర్‌ప్లగ్స్ వాడొచ్చు. చెవిలో చీము, కర్ణభేరికి రంధ్రం ఉన్నవాళ్లు వాడకూడదు. దూదితో పెద్దగా ఫలితం ఉండదు. వరసగా చెట్లు నాటితే మోత తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. నీడకు నాటండి గానీ, ఒక్క వరస చెట్లు శబ్దాన్ని ఆపలేవు. సందుల్లేని గోడ, అదీ వాహనం కంటికి కనబడనంత ఎత్తున ఉంటేనే తేడా తెలుస్తుంది.

ఆ గోడ మీ ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. వీధంతా కలిసి అర్జీ పెట్టండి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా పరిమితి 45 డెసిబెల్స్, పగలు 55. దానికి 10 డెసిబెల్స్ మించితే ఎవరైనా ఫిర్యాదు చేయొచ్చు. ఫోన్‌లోని యాప్ అంచనాకే పనికొస్తుంది. కాలుష్య నియంత్రణ మండలి వాళ్లనే రాత్రిపూట వచ్చి కొలవమనండి. సోమవారం ఒంగోలు కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. హైవే హెల్ప్‌లైన్ 1033.

అర్జీలో ‘మోత ఎక్కువగా ఉంది’ అని రాసి వదిలేయకండి. మీ ఇంటి ముందు రోడ్డు మీద వరసగా గట్లలాంటి గీతలు వేశారా? ఖాళీ టిప్పర్ వాటిమీద ఎక్కినప్పుడల్లా వెనక తలుపు ఎగిరి పడుతుంది. అలాంటి చోటు, గుంత, యూటర్న్ ఎక్కడుందో ఫొటోతో సహా రాయండి. గీతలను కొంచెం జరిపినా, గుంత పూడ్చినా గోడకన్నా ముందే కాస్త ఊరట దొరుకుతుంది. అనవసరంగా హారన్ కొడితే మొదటిసారి 1,000, తర్వాత 2,000 రూపాయల జరిమానా చట్టంలోనే ఉంది. రాగాలు తీసే హారన్లు అసలు బిగించకూడదు. రాత్రి తనిఖీలు పెట్టమని పోలీసులనూ అడగండి. వీధిలో బీపీ, గుండెజబ్బు ఉన్నవాళ్లు, పరీక్షలకు చదువుకునే పిల్లలు ఎంతమందో, వాళ్లు ఒప్పుకుంటే అదీ రాయండి.