చెరువు దగ్గర హైస్కూల్ పిల్లలతో ఏ ప్రయోగం చేయించొచ్చు?

నేనైతే నీళ్లు ఎంత తేటగా ఉన్నాయో కొలిచే సెక్కీ డిస్క్‌తో మొదలుపెట్టమంటాను. 20 సెంటీమీటర్ల గుండ్రటి రేకును నాలుగు భాగాలు చేసి నలుపు, తెలుపు మార్చి మార్చి రంగు వేయాలి. పది సెంటీమీటర్లకో ముడి వేసిన తాడును రేకు మధ్యలో కట్టి, అడుగున బరువు పెట్టి నీళ్లలోకి దించాలి. కనబడకుండా పోయిన లోతు, పైకి లాగుతుంటే మళ్లీ కనబడిన లోతు, ఈ రెండింటి సగటే లెక్క. చేపల చెరువుల్లో 30–40 సెంటీమీటర్లుంటే మంచిదని ఆక్వా రైతులు చూసుకుంటారు. బాగా తగ్గితే కారణం బురదా, నాచా? గాజు గ్లాసులో నీళ్లు పట్టి కదపకుండా ఉంచండి: బురద చాలావరకు అడుగుకు దిగుతుంది, పచ్చదనం నీళ్లలోనే ఉంటుంది. వాన పడ్డ మర్నాడు మళ్లీ కొలిపిస్తే తేడా పిల్లలకే తెలుస్తుంది. గట్టు జారుతుంది కాబట్టి ఈత వచ్చిన పెద్దవాళ్లు పక్కన ఉండి తీరాలి.