కిరణ్‌కి: క్రూజ్ గదికి బిడ్ వేసే ముందు

చి. కిరణ్‌కి,

మామయ్య ఆశీస్సులు.

అమ్మనీ నాన్ననీ అలాస్కా క్రూజ్‌కి తీసుకెళ్తున్నావని అక్క ఫోన్‌లో చెప్పింది. చెబుతున్నంతసేపూ సంబరం దాచుకోలేకపోయింది. నాకూ గర్వంగానే ఉంది. ఫోన్ పెట్టేసే ముందు ఇంకో మాట అంది: "రెండూ కిటికీ లేని గదులే తీసుకున్నాడ్రా, తరవాత వేలంపాటలో బాల్కనీ గదులు కొట్టేస్తానంటున్నాడు" అని. అప్పట్నించి మనసు మనసులో లేదు. అందుకే ఈ ఉత్తరం.

బిడ్ వెయ్యొద్దని కాదు. నీ గదికి కావాలంటే వేసుకో. అమ్మానాన్నల గదికి మాత్రం వెయ్యకు. ఎందుకో చెబుతాను, ఓపిగ్గా చదువు.

కొన్న గది కంటే పై తరగతి గదికి అదనంగా ఇంత ఇస్తానని బిడ్ వేసే ఈ పద్ధతికి ఒక్కో క్రూజ్ కంపెనీ ఒక్కో పేరు పెట్టుకుంది. రాయల్ కరీబియన్‌లో రాయల్‌అప్, సెలెబ్రిటీలో మూవ్‌అప్, నార్వేజియన్‌లో అప్‌గ్రేడ్ అడ్వాంటేజ్. పేర్లు వేరైనా నడక దాదాపు ఒకటే. బుకింగ్ అయిన కొన్నాళ్లకి ఈమెయిల్ వస్తుంది. నీ గది కంటే పై తరగతులు వరసగా చూపిస్తారు, ఒక్కోదానికి ఒక స్లైడర్, అంటే అటూ ఇటూ జరిపి మొత్తం ఎంచుకునే గీత, ఉంటుంది. కనీసం ఇంత, గరిష్ఠం ఇంత అని హద్దులు వాళ్లే పెడతారు. నువ్వు మొత్తం ఎంచుకుని, కార్డు వివరాలిచ్చి వదిలెయ్యాలి. ఒప్పుకోకపోతే రూపాయి పోదు. ఒప్పుకునేదాకా బిడ్ మార్చుకోవచ్చు, పెంచొచ్చు, తీసెయ్యనూ వచ్చు. ఒప్పుకున్న క్షణాన కార్డు మీద డబ్బు లాగేస్తారు. ఇక అక్కణ్ణించి వెనక్కి తిరగడం లేదు. నీ అంతట నువ్వు ప్రయాణం మానుకున్నా ఆ డబ్బు తిరిగి రాదు.

స్లైడర్ పక్కన నీ బిడ్ బలహీనంగా ఉందో బలంగా ఉందో చూపించే మీటరు ఒకటి ఉంటుంది. దాన్ని చూసి మోసపోకు. అది హామీ కాదు. పచ్చరంగు చూపించిన బిడ్లు పోవడమూ ఉంది, బలహీనం అన్నవి నెగ్గడమూ ఉంది. ఆ తరగతిలో గదులు మిగిలితేనే ఇస్తారు, మిగలకపోతే ఎంత పెట్టినా ఇవ్వరు. అది కనిపెట్టాలంటే, కొత్తగా బుక్ చేసుకునేవాడిలా అదే ఓడకి, అదే తేదీకి వెబ్‌సైట్‌లో వెతుకు. బాల్కనీ గదులు ఏ డెక్‌లో, అంటే ఓడలో ఏ అంతస్తులో, ఎన్ని ఖాళీగా ఉన్నాయో అక్కడ కనిపిస్తుంది. బోలెడు ఉంటే కనీస మొత్తమే వెయ్యి. రెండో మూడో ఉంటే ఆశ వదులుకో.

ఇప్పుడు అసలు సంగతి. జనం మళ్లీ మళ్లీ చేసే తప్పు ఒకటుంది, దాన్ని కాస్త వివరంగా రాస్తాను. నువ్వు లెక్కల్లో గట్టివాడివే గాని, ఉత్సాహంలో ఉన్నప్పుడు పక్కన చిన్న అక్షరాల్లో ఏముందో చూడని అలవాటు నీకు చిన్నప్పట్నించీ ఉంది.

స్లైడర్ మీద కనిపించే అంకె గదికి కాదు, మనిషికి. 200 డాలర్లు పెట్టావనుకో. ఏడు రాత్రులకి 200 అంటే రాత్రికి 30 డాలర్లు కూడా కాదు కదా అని మురిసిపోతారు. గదిలో ఇద్దరు, కాబట్టి 400. నువ్వు రెండు గదులకీ వేస్తే 800. గదిలో ఒక్కరే ఉన్నా సాధారణంగా ఇద్దరి లెక్కే కట్టించుకుంటారు. మూడో మనిషి, నాలుగో మనిషి ఉంటే మాత్రం మామూలుగా మొదటి ఇద్దరికే లెక్క. ఆ పేజీలో మొత్తం ఎంతవుతుందో ఎక్కడో ఒకచోట చూపిస్తారు. ఆ అంకె దొరికేదాకా బటన్ నొక్కకు.

ఇది ఆ తప్పులో సగమే. మిగతా సగం ఇంతకంటే ఖరీదైనది. బిడ్‌ని దేనితో పోల్చాలో తెలియకపోవడం. నువ్వు బుక్ చేసిన రోజున బాల్కనీ గది మనిషికి 450 డాలర్లు ఎక్కువ ఉందనుకో. ఇప్పుడు 200కే బిడ్ వేస్తున్నాను, సగం కంటే తక్కువకి కొట్టేశాను అనుకుంటావు. ఆ పాత 450ని ఇవాళ ఎవడూ కట్టడం లేదు. ఇవాళ నీ గది తరగతి ఎంత, బాల్కనీ ఎంత, తేడా ఎంత అన్నదే లెక్క. ఆ తేడా 170 ఉందనుకో. అప్పుడు నువ్వు 200 పెట్టి 170 సరుకు కొంటున్నావు. పైగా ఆ 170కి గది నంబరు నువ్వే ఎంచుకోవచ్చు. 200కి వాళ్లిచ్చింది తీసుకోవాలి. ఇది నవ్వులాట కాదు, కనీస బిడ్ మొత్తమే ఇవాళ్టి తేడా కంటే ఎక్కువ ఉన్న సందర్భాలు ఉంటాయి.

అందుకని ఫైనల్ పేమెంట్ తేదీ, అంటే మిగతా డబ్బంతా కట్టెయ్యాల్సిన గడువు, ఎప్పుడో ముందు చూసుకో. కంపెనీని బట్టి కాస్త అటూ ఇటూగా బయల్దేరడానికి మూడు నెలల ముందు ఉంటుంది. ఆ తేదీకి నాలుగైదు రోజుల ముందు నీ ఏజెంటుకో కంపెనీకో ఫోన్ చేసి, "నా బుకింగ్‌ని ఇవాళ్టి రేటు మీద బాల్కనీకి మారిస్తే ఎంతవుతుంది?" అని అడుగు. రేటు తగ్గి ఉంటే అప్పుడే మార్చించుకోవచ్చు. రెండు సంగతులు మాత్రం అడగడం మరిచిపోకు: డిపాజిట్ తిరిగిరానిదైతే మార్పుకి రుసుమేమైనా ఉందా, బుకింగ్‌తోపాటు ఉచితంగా వచ్చిన డ్రింక్స్, వైఫై లాంటివి కొత్త రేటు మీద పోతాయా. ఆ తేదీ దాటాక రేటు పడిపోయినా నీకు ఒరిగేది తక్కువ. బిడ్‌కి అసలు సమయం అప్పుడే మొదలవుతుంది.

ఎంత పెట్టాలంటావా? నా లెక్క మోటుది. బిడ్ వేసే రోజున రెండు తరగతుల మధ్య ఉన్న తేడాలో సగం దాటకూడదు. చోటు ఎంచుకునే హక్కు వదులుకుంటున్నావు, రద్దు చేసుకునే హక్కు వదులుకుంటున్నావు, ఆఖరిదాకా ఏ గదో తెలియకుండా ఉంటున్నావు. వీటన్నిటికీ విలువ కట్టాలి కదా. కనీస మొత్తమే ఆ సగం దాటితే పేజీ మూసెయ్.

ఇక అమ్మ సంగతి. చిన్నప్పుడు బస్సులో ముందు సీటు దొరక్కపోతే అక్క అవస్థ ఇంతా అంతా కాదు. ఆవిడిప్పుడు ఏడు రాత్రులు నీళ్ల మీద ఉండబోతోంది. ఓడ ఊగేటప్పుడు ముందు కొసా వెనక కొసా ఎక్కువ లేచి పడతాయి. పై డెక్‌లు పక్కలకి ఎక్కువ ఒరుగుతాయి. మధ్యలో, కింది డెక్‌ల్లో కదలిక అన్నిటికంటే తక్కువ. బిడ్ గెలిస్తే ఏ చోటు పడుతుందో నీ చేతుల్లో లేదు. పై డెక్‌లో ముక్కు దగ్గర బాల్కనీ గది కూడా వాళ్ల దృష్టిలో అప్‌గ్రేడే. నీ ఓడ సియాటిల్ నుంచి బయల్దేరేదైతే ఇంకా జాగ్రత్త. అవి చాలావరకు వాంకూవర్ దీవికి పడమట, తెరిచి ఉన్న పసిఫిక్ మీదుగా పోతాయి. వాంకూవర్ నుంచి బయల్దేరేవి దీవికీ ఒడ్డుకీ మధ్య చాటుగా పోతాయి గనక నీళ్లు నెమ్మదిగా ఉంటాయి. అమ్మకి నడిమి భాగంలో, కింది డెక్‌లో, లిఫ్టుకి దగ్గరగా ఉన్న గది నంబరు చూసి డబ్బు కట్టి కొను. కిటికీ ఉన్న ఓషన్‌వ్యూ అయినా చాలు. ఊగుతున్నప్పుడు దూరాన దిగంతం కనిపిస్తే కడుపులో తిప్పడం తగ్గుతుంది. నీ కిటికీ లేని గదిలో ఆ వసతి లేదు, అందుకే నాకు కోపం వచ్చింది. ఇప్పుడు పోయిందిలే.

చోటు అంటే ఊగడమొక్కటే కాదు. నెత్తి మీద స్విమ్మింగ్ పూల్ డెక్ ఉంటే తెల్లారకముందే కుర్చీలు ఈడ్చే చప్పుడు. కింద థియేటరుంటే రాత్రి పొద్దుపోయేదాకా దరువు. పక్కగదికి లోపలి తలుపున్న గది పడితే అవతలివాళ్ల మాటలన్నీ వినిపిస్తాయి. లైఫ్‌బోటు అడ్డం ఉన్న బాల్కనీ కూడా బాల్కనీయే. ఏ తరగతికి బిడ్ వేస్తున్నావో ఆ తరగతి గదులన్నీ డెక్ ప్లాన్‌లో, అంటే ఏ గది ఎక్కడుందో చూపే ఓడ పటంలో, చూడు. అందులో అన్నిటికంటే చెడ్డ గది ఏదో వెతుకు. అది ఇచ్చినా నీ ఇప్పటి గది కంటే నయమే అనిపిస్తేనే వెయ్యి. ఇదొక్కటి పాటిస్తే మిగతావి మరిచిపోయినా ఫరవాలేదు.

పేర్లు చూసి కూడా మురిసిపోకు. రాయల్ కరీబియన్‌లో జూనియర్ సూట్ పేరుకే సూట్. పెద్ద సూట్లవాళ్లకుండే సదుపాయాలన్నీ అందులో రావు. రేపెప్పుడైనా కరీబియన్ వైపు వాళ్ల ఒయాసిస్ తరగతి ఓడలెక్కితే, అక్కడ కొన్ని బాల్కనీలు ఓడ లోపలి తోటవైపే తెరుచుకుంటాయి. సముద్రం కనిపించదు. రెండు మూడు తరగతులకి ఒకేసారి బిడ్లు వెయ్యనిస్తారు గాని, వాటిలో ఏదైనా ఒప్పుకోవచ్చు. ఎలాగూ పెద్దది వస్తుందిలే అని చిన్నదాని మీద కూడా అంకె పెట్టి వదిలెయ్యకు.

నీ గదికి బిడ్ నెగ్గితే నువ్వు వేరే డెక్‌లో పడొచ్చు, అమ్మానాన్నలు ఇంకో డెక్‌లో ఉండిపోతారు. రెండు బుకింగులూ కలిపి ఉన్నా బిడ్లు విడివిడిగానే చూస్తారు. రాత్రివేళ అమ్మకి బాగా లేకపోతే నాన్న నీ తలుపు కొట్టడానికి రెండు లిఫ్టులు మారాలా అన్నది నువ్వే ఆలోచించు. పక్కపక్కనే ఉండి తీరాలనుకుంటే నీ గదికీ వెయ్యకు.

అలాస్కాలో బాల్కనీ అంత అవసరమా అని కూడా ఒకసారి అడుగుతాను. హిమనదాల రోజున బాగుంటుంది, కాదనను. గ్లేసియర్ బే వెళ్లే ఓడ అయితే మార్జరీ హిమనదం ముందు మెల్లగా చుట్టూ తిరుగుతుంది, రెండు వైపులవాళ్లకీ కనపడాలని. అదే సమయంలో పై డెక్‌కి వెళ్తే ఉచితంగా, నాలుగు వైపులా కనిపిస్తుంది. రేవులో ఆగిన రోజుల్లో గదిలో ఎవరుంటారు? సముద్రం మీదే ఉండే రోజులు ఎన్నో లెక్కపెట్టి, ఆ రోజులకే బాల్కనీ ఖరీదు పంచి చూడు.

ఇవీ ఖర్చులే, స్లైడర్‌లో కనపడవు. సూట్‌కి వెళ్తే రోజువారీ టిప్పు చాలా కంపెనీల్లో మనిషికి ఎక్కువ. ముందే కట్టేసినా తేడా వసూలు చేస్తారు. డాలర్లలో లాగే మొత్తం మీద నీ బ్యాంకు విదేశీ లావాదేవీ రుసుము వెయ్యొచ్చు. ఓడలో వాడుకోమని ఇచ్చిన క్రెడిట్ దీనికి పనికిరాదు. లాయల్టీ పాయింట్లు మామూలుగా మొదట కొన్న గది లెక్కనే వస్తాయి. ప్రయాణ బీమాలో ట్రిప్ ఖర్చు రాసి ఉంటే, బిడ్ నెగ్గాక ఆ అంకె పెంచమను.

జవాబు రావడం ఆలస్యమవుతుంది. బయల్దేరడానికి రెండు రోజుల ముందు కూడా రావొచ్చు. ఆ కార్డు అప్పటికి గడువు దాటకుండా చూసుకో, దాని మీద ఆ మేరకు లిమిట్ మిగుల్చుకో. ఈమెయిల్ స్పామ్‌లో పడుతుంది, రోజూ చూడు. నెగ్గితే కొత్త గది నంబరుతో లగేజీ ట్యాగులు మళ్లీ ప్రింట్ తీసుకో. పాతవి తగిలిస్తే పెట్టెలు పాత గది గుమ్మం దగ్గరికి పోతాయి. మస్టర్ స్టేషన్, అంటే ప్రమాదమొస్తే చేరాల్సిన చోటు, అదీ మారి ఉండొచ్చు, మళ్లీ చూసుకో. మంచాలు విడిగా కావాలో కలిపి కావాలో మళ్లీ చెప్పాలి, ఆ కోరిక పాత గదితోనే ఉండిపోతుంది.

నెగ్గకపోతే దిగులు పడకు. ఓడెక్కే రోజున రేవు దగ్గరి కౌంటర్లో గానీ, ఎక్కాక గెస్ట్ సర్వీసెస్‌లో గానీ, మిగిలిన గదులేమైనా అమ్ముతున్నారా అని అడుగు. అప్పుడు ధరా తెలుస్తుంది, గది నంబరూ తెలుస్తుంది.

ఈ వారంలోనే చెయ్యాల్సినవి రెండు. అమ్మానాన్నల బుకింగ్ మీద బిడ్ ఇప్పటికే పెట్టేసి ఉంటే తీసెయ్. నీ ఫైనల్ పేమెంట్ తేదీ, ఇవాళ్టి మూడు రేట్లు, అంటే కిటికీ లేనిది, ఓషన్‌వ్యూ, బాల్కనీ, మనిషికి ఎంతెంతో రాసి, డెక్ ప్లాన్‌తో పాటు నాకు పంపు. అమ్మకి ఏ నంబరు గది తీసుకోవాలో చూసి గుర్తుపెట్టి పంపిస్తాను. ఈ బెంగంతా అక్కతో అనకు, సంబరంగా ఉంది, ఉండనీ.

మీ మామయ్య