బుజ్జిగాడి ప్రీ-కె గురించి పెద్దమ్మ ఉత్తరం

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మలుకి, పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న ఫోన్లో "మనకి ప్రీ-కె రాదట పెద్దమ్మా, ఆయన జీతం ఎక్కువట" అన్నావు. ఎవరు చెప్పారో గానీ, సగమే చెప్పారు. ఈ డాలస్ చుట్టుపక్కల ప్రీ-కె, అంటే కిండర్‌గార్టెన్‌కి ముందు ఏడాది క్లాసులో, టీచర్‌కి సాయంగా ఉండే ఎయిడ్‌గా పదకొండేళ్లు చేశాను. ఫోన్లో హడావిడిగా చెబితే నీకు ఒకటి గుర్తుంటుంది, రెండు మర్చిపోతావు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

టెక్సాస్‌లో ప్రభుత్వ బడి ప్రీ-కె అందరికీ ఉచితం కాదు, నిజమే. తక్కువ ఆదాయం ఉన్న ఇంటి పిల్లలకి, సైన్యంలో పనిచేసేవాళ్ల పిల్లలకి, ఫోస్టర్ కేర్‌లో, అంటే కన్నవాళ్ల దగ్గర కాక ప్రభుత్వం అప్పగించిన ఇళ్లలో ఉన్నవాళ్లకి, ఇల్లు లేనివాళ్లకి ఇస్తారు. ఇలా ఇంకొన్ని కారణాలున్నాయి. వాటిలో మనవాళ్లు చూడకుండా దాటేసేది ఒకటుంది. ఇంగ్లీషు మాట్లాడటం, అర్థం చేసుకోవడం ఇంకా రాని పిల్లలకి కూడా ఉచితమే. ఈ దారిలో వస్తే జీతం అడగరు. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా చాలు. బుజ్జిగాడు హైదరాబాద్ నుంచి వచ్చి ఏడాది కూడా కాలేదు, పొద్దున లేస్తే రాత్రిదాకా తెలుగే.

వయసు లెక్క మాత్రం కచ్చితం. సెప్టెంబర్ 1 నాటికి నాలుగేళ్లు నిండాలి. సెప్టెంబర్ 2న పుడితే వచ్చే ఏడాదే. మనవాడిది జూన్ కాబట్టి ఆ టెన్షన్ లేదు. 2019లో వచ్చిన చట్టం ప్రకారం అర్హత ఉన్న నాలుగేళ్ల పిల్లలకి ఫుల్ డే క్లాసు పెట్టాలి. మీ వీధి చివర బడిలోనే ఉండాలని లేదు, స్కూల్ డిస్ట్రిక్ట్‌లో, అంటే మీ ప్రాంతం బడులన్నీ నడిపే సంస్థలో, కొన్ని బడుల్లోనే ప్రీ-కె ఉండొచ్చు. బస్సు ఉందో లేదో ముందే అడుగు. నీకు ఇంకా లైసెన్స్ రాలేదు కదా.

ఇక అసలు సంగతి. రిజిస్ట్రేషన్ కాగితాల్లో ఇంటి భాష గురించి ఒక ఫారం ఉంటుంది. ఇంట్లో ఏ భాష మాట్లాడతారు, బిడ్డ ఏ భాష మాట్లాడతాడు అని అడుగుతారు. అక్కడ తెలుగు అని రాయి. మీ అన్నయ్యకి నాలుగేళ్లప్పుడు నేను అక్కడ ఇంగ్లీషు అని రాశాను. తెలుగు అని రాస్తే పిల్లాణ్ని వెనకబడ్డవాడి కింద కడతారేమోనని భయపడ్డాను. ఇంగ్లీషు అని ఉంటే ఇంగ్లీషు వచ్చో రాదో చూసే పరీక్ష పెట్టరు, పరీక్ష లేకపోతే ఆ దారి మూసుకుపోతుంది. మాకేమో ఆదాయం లెక్క కుదరలేదు. ఆ ఏడాదంతా వాడు ఇంట్లోనే ఉండిపోయాడు. కిండర్‌గార్టెన్‌కి పంపిన మొదటి నెల, దాహం వేస్తే అడగడం రాక ఖాళీ వాటర్ బాటిల్ పట్టుకుని అలాగే కూర్చునేవాడట. టీచర్ చెప్పినప్పుడు నా గుండె పిండేసినట్టయింది. ఇప్పటికీ ఆ బాటిల్ రంగు నాకు గుర్తే.

తెలుగు అని రాస్తే వాణ్ని ఒక చిన్న పరీక్షకి పిలుస్తారు. అంతా నోటితోనే. బొమ్మ చూపించి ఇదేంటి అంటారు, చెయ్యెత్తు లాంటివి చెప్పి చేయమంటారు, చిన్న కథ చెప్పి తిరిగి చెప్పమంటారు. దీనికి ముందు ఏమీ నేర్పకు. "వచ్చినా చెప్పకురా" అని నేర్పి తీసుకొచ్చేవాళ్లని చూశాను, అది మహా తప్పు. పిల్లలు అబద్ధం మోయలేరు. ఆ గదిలో వాళ్ల మొహం చూస్తే జాలేస్తుంది. ఒకవేళ వాడికి ఇంగ్లీషు సరిపడా వచ్చని తేలితే, ఫీజు కట్టి చేరే సీట్లు చాలా డిస్ట్రిక్టుల్లో ఉంటాయి, అప్పుడు అవి చూద్దాం. రాదని తేలితే "ఎమర్జెంట్ బైలింగ్వల్" అని రాసుకుంటారు. ఆ పేరు చూసి కంగారు పడకు. ఇంగ్లీషు నేర్చుకుంటున్నాడు, సాయం కావాలి అని దాని అర్థం, అంతే. ఆ సాయం మొదలుపెట్టే ముందు నీ అనుమతి అడుగుతారు. కిండర్‌గార్టెన్ నుంచి ఏటేటా పరీక్ష పెట్టి, ఇంగ్లీషు వచ్చేశాక ఆ పేరు తీసేస్తారు.

వీసా గురించి భయం వద్దు. ఉద్యోగ వీసా మీద వచ్చినవాళ్ల భార్యాపిల్లలకిచ్చే హెచ్-4 అయినా ఇంకేదైనా, పిల్లల్ని ప్రభుత్వ బడి కాదనకూడదని 1982లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు మన పక్కనున్న టైలర్ ఊరిదే. సోషల్ సెక్యూరిటీ నంబర్ లేకపోయినా బడి వాళ్లే ఒక నంబర్ ఇస్తారు.

బర్త్ సర్టిఫికెట్, ఇంటి లీజు, కరెంటు బిల్లు, నీ ఐడీ ఒక ఫోల్డర్‌లో పెట్టుకో. టీకాల కార్డు దగ్గరే మనవాళ్లు ఇరుక్కుంటారు. మన కార్డులో 5/8 అంటే ఆగస్టు అయిదు, ఇక్కడ మే ఎనిమిది అని చదువుతారు. దాంతో డోసుల మధ్య గడువు చాల్లేదని మళ్లీ వేయించుకోమన్న సందర్భాలు చూశాను. నెల పేరు అక్షరాల్లో రాయించు. ఇంకొకటి, మన ప్రభుత్వ ఆస్పత్రుల్లో వేసేది తట్టు, రుబెల్లాలకి ఇచ్చే ఎంఆర్ టీకా, ఇక్కడ అడిగేది ఎంఎంఆర్. అందులో గవదబిళ్లల మందు కూడా ఉంటుంది. హెపటైటిస్-ఎ రెండు డోసులు కావాలి, అవి మన ప్రభుత్వ టీకాల్లో లేవు. రెండింటి మధ్య కనీసం ఆరు నెలలు ఆగాలి కాబట్టి పిల్లల డాక్టర్ అపాయింట్‌మెంట్ ఈ వారమే తీసుకో.

ఇక వాడి సంగతి. ఏబీసీడీలు రుద్దకు, అవి వాళ్లు చెబుతారు. బాత్రూం నేర్పు. మన ఇళ్లలో పిల్లల్ని మనమే కడుగుతాం. బడిలో నీళ్లుండవు, పేపరే, అదీ తనంతట తనే తుడుచుకోవాలి. ఆటోమేటిక్ ఫ్లష్ ధన్‌మని మోగితే భయపడి ప్యాంటు పట్టుకుని బయటికి పరిగెత్తుకొచ్చిన పిల్లల్ని ఎంతమందినో సముదాయించాను. మాల్‌కి వెళ్లినప్పుడల్లా ఆ శబ్దం అలవాటు చెయ్యి. డబ్బా మూత తనే తీసుకునేలా చూడు, గట్టి స్టీలు డబ్బా వద్దు. పెరుగన్నం, చపాతీ చుట్టలు హాయిగా తింటారు. రెస్ట్‌రూమ్, వాటర్, హెల్ప్, ఈ మూడు మాటలు వస్తే మొదటి వారం గడిచిపోతుంది. ఇంట్లో మాత్రం తెలుగు మానకండి. ఇంట్లో కథలు విని పెరిగిన పిల్లలు క్లాసులో కథలు తొందరగా పట్టుకోవడం నేను ఏటా చూశాను.

డిసెంబర్‌లో ఊరికెళ్లి ఆరు వారాలు ఉందామన్నావు. ప్రీ-కె తప్పనిసరి కాదు గానీ, ఒకసారి చేర్పించాక హాజరు చట్టం వాడికీ వర్తిస్తుంది, అన్ని వారాలు మానేస్తే కుదరదు. ఊళ్లో వాళ్లకి చెప్పి బడి సెలవుల్లోకి మార్చుకో, వాళ్లు అర్థం చేసుకుంటారు.

రిజిస్ట్రేషన్ ఎక్కువగా మార్చి, ఏప్రిల్ నెలల్లో తెరుస్తారు, డిస్ట్రిక్ట్ ఆఫీసుకి ఫోన్ చేసి తేదీ కనుక్కో. ఈ రాత్రికి ఆ టీకాల కార్డు రెండు వైపులా ఫొటో తీసి పంపు. ఏది రోజో ఏది నెలో రాసి రేపటికల్లా పంపిస్తాను.

మీ పెద్దమ్మ